సంగు మోగినా లేవని మనిషి

అయ్యసామి నాయుడికి సినిమా అంటే గిట్టేది కాదు. గిట్టదని ఎవరికీ చెప్పేవాడు కాదు లెండి. రమ్మంటే వెళ్ళేవాడు. బెంచీ మీద అందరితో పాటు కూర్చుని, పక్కవాళ్ళు నవ్వితే తానూ నవ్వేవాడు, పక్కవాళ్ళు ముక్కులు ఎగబీలిస్తే తానూ తుండుతో కళ్ళొత్తుకునేవాడు, మధ్యలో హాయిగా ఒక కునుకు తీసేవాడు. ఇంటికొచ్చాక ఎవరైనా “పడం ఎట్లుండె?” అని అడిగితే “పరవాలే” అనేవాడు. పీళమేడులో దొరసామి నడిపే కొటాయికి, అదే పాక సినిమా హాలుకు, వచ్చిన పడాలన్నీ ఆయన లెక్కలో పరవాలేదు. అంతకు మించి ఒక్క ముక్క ఎవరూ రాబట్టలేకపోయారు.

అసలు సంగతి ఏమిటంటే, ఆయనకు వినపడదు.

పుట్టుచెవుడు కాదు. వాళ్ళ నాయన మెట్టచేలో పత్తి వేసుకునే రోజుల్లో, దారిన పోయే బండెద్దుల మెడగంటలు విని అవి ఎవరి ఎద్దులో చెప్పిన కుర్రాడే. బావి అడుగంటి సేద్యం మూలపడ్డాక, ఆ చుట్టుపక్కల నాయుళ్ళ ఇళ్ళలో సగం మంది చేసిన పనే తానూ చేశాడు. అవినాశి రోడ్డు పక్కన లేచిన మిల్లులో చేరాడు. రింగు ఫ్రేముల హాలు. వరసలు వరసలుగా ఫ్రేములు, ఒక్కో ఫ్రేముకు వందల కదుళ్ళు, అన్నీ ఒక్కసారి తిరుగుతుంటే ఆ హోరు విన్నవాళ్ళకే తెలుసు, చెబితే అర్థమయ్యేది కాదు. మొదట్లో ఇంటికొచ్చి పడుకున్నా చెవుల్లో అదే హోరు. కొన్నేళ్ళకు అదీ తగ్గింది. అమ్మయ్య అనుకున్నాడు. తగ్గింది హోరు కాదు, తన చెవులని తెలుసుకునేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోయింది.

మరి అన్నేళ్ళు ఎవరూ కనిపెట్టలేదా అంటే, ఎలా కనిపెడతారు? ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, మిల్లులో చేతులు. ఆ హాల్లో నోటితో మాట్లాడేవాడు పిచ్చివాడి కింద లెక్క. దారం తెగిందంటే వేలితో ఒక సైగ, బాబిన్లు నిండాయంటే ఇంకో సైగ, మేస్త్రి వస్తున్నాడంటే మీసం తిప్పినట్టు ఒక సైగ. మిగతాదంతా పెదాలు చూసి పట్టుకోవడమే. పెళ్ళి సంబంధాలు, పొలం తగాదాలు, పక్కింటి కోడలి కబుర్లు అన్నీ ఆ హాల్లో ఈ చివరి నుంచి ఆ చివరికి చప్పుడు లేకుండా పోయేవి. అందులో అయ్యసామిని మించినవాడు లేడు. బయట నోట్లో నాలుక లేనివాడని పేరు పడ్డ మనిషి హాల్లో అడుగుపెడితే మహా వాగుడుకాయ.

ఇంటిదగ్గర కాపాడుకొచ్చింది పొన్నమ్మాళ్. అతని భార్య. మొగుడికి చెవులు పోయాయని ఆవిడకొక్కదానికే తెలుసు. అందుకని వంటింటి గుమ్మంలోంచి పలకరించాలన్నా, ఉలవరసంలో ఉప్పు చాలిందా అని అడగాలన్నా పెదాలు కనపడేలా నోరంతా తెరిచి ఊరదిరిపోయేలా అరిచేది. వీధి వీధంతా ఆవిడకు గయ్యాళి అని పేరు పెట్టింది. “పాపం అయ్యసామి, వాయి తెరవడు, ఆ యమ్మ దినామూ తిట్టేది దాన్” అని జాలిపడేవాళ్ళు. పొన్నమ్మాళ్ ఆ మాటలన్నీ వినేది, ఒక్కసారీ కాదనలేదు. నలుగురిలో గయ్యాళినని అనిపించుకుంటే మొగుడి ఉద్యోగం నిలుస్తుందనుకుంటే, ఆ పేరు మోయడానికి ఆవిడకు ఏ అభ్యంతరమూ లేకపోయింది. అలాంటి మనిషి ఎంతమందికి దొరుకుతుంది చెప్పండి!

ఇంతలో మిల్లులో ఒక ఘోరం జరిగింది. పత్తి దువ్వే కార్డింగు మిషను నడిపించే ముందు గంట కొడతారు, చేతులు తీసేయమని. ఒకాయన తీయలేదు. గంట వినలేదు పాపం. మోచేయి దాకా పోయింది. అప్పుడు మేనేజరు ఉత్తరువు వేశాడు: వచ్చే శుక్రవారం నుంచి మిల్లు డిస్పెన్సరీలో ఒక్కో హాలు వాళ్ళ చెవులు పరీక్ష చేస్తారు, వినపడనివాళ్ళను ఇంటికి పంపేస్తారు. మొట్టమొదటి వంతు రింగు ఫ్రేముల హాలుదే.

ఆ మాట పొన్నమ్మాళ్ చెవిన పడింది. సేద్యం లేదు, వేరే పని రాదు, చెవుడని తెలిస్తే ఇంకో మిల్లు గేటు కూడా తెరవదు. “మామా, ఆ దినం వరకూ ఎవరితోనూ ఎక్కువ మాట్లాడవద్దు,” అని మొగుడి చేత ఒట్టు వేయించుకుంది. “మా అన్నకు తెలిస్తే ఇంగ ఏమీ లేదు. ఆయప్ప రూలంటే రూలే.”

వాళ్ళన్న సుబ్రమణియం ఆ హాలుకే మేస్త్రి. చెల్లెల్ని అయ్యసామికిచ్చి పెళ్ళి చేసింది ఆయనే, మిల్లులో చేర్పించిందీ ఆయనే. మొండి మనిషి, నవ్వడం తెలియదు, ఒక మాట అన్నాడంటే వెనక్కి తీసుకోడు. అయ్యసామికి బావ వరస గనక ఎంత భయమున్నా “బావా” అనే పిలిచేవాడు.

సరిగ్గా పరీక్ష ఉన్న ఆ వారంలోనే దొరసామి కొటాయికి ఆ పడం వచ్చింది. పేరు మేగక్కోట్టై, మన మాటలో మబ్బుకోట. తీసింది ఈ కోయంబత్తూరులోనే అన్నారు. పేరున్న హీరో లేడు, పేరున్న హీరోయిను లేదు. గోడమీద అంటించిన కాగితంలో ఒక మేక, ఒక రాక్షసుడు, మబ్బుల్లోకి వెళ్ళే మంచాల నిచ్చెన. చూసినవాళ్ళు పెదవి విరిచారు. అయినా ఆదివారం మధ్యాహ్నం ఆటకు జనం బాగానే వచ్చారు, ఎందుకంటే ఆ ఆట సాయంత్రం షిఫ్టువాళ్ళ కోసమే పెట్టింది. పెందలాడే తిని, మిల్లు బట్టలతోనే వచ్చి, పడం చూసుకుని, అటునుంచి అటే గేటుకు పోవడం వాళ్ళ అలవాటు. తూక్కుచట్టిలో రాత్రికి తిండి పెట్టుకుని పెళ్ళాలు గేటు దగ్గరకు తెచ్చిచ్చేవాళ్ళు.

ఇక్కడ సంగు సంగతి చెప్పాలి. సంగంటే మిల్లు కూత. మొదటి సంగు మోగితే ఇల్లు వదలాలి. రెండో సంగుకు గేటు మూస్తారు. ఆ తర్వాత కాళ్ళు పట్టుకున్నా తెరవరు, ఆ రోజు పని పోయినట్టే. అందుకని ఆ ఊళ్ళో సంగు వినగానే ముందు కాళ్ళు లేచేవి, బుర్ర ఆనక లేచేది. అన్నం ముందు కూర్చున్నవాడు చెయ్యి కడుక్కోకుండా పరుగెత్తిన రోజులున్నాయి.

ఆదివారం ఆట మొదలైంది. పడం మొదటి సగం గురించి చెప్పకపోతేనే మంచిది. రాజుగారి కొలువు, మంత్రిగారి ఉపన్యాసం, ఆ ఉపన్యాసానికి సేనాపతిగారి జవాబు, అంతా ఎక్కడా దొరకని సెందమిళం, అదే గ్రాంథిక తమిళం. నడుమ పాట, పాటకూ పాటకూ నడుమ ఇంకో పాట. కొటాయి తలుపులన్నీ మూసి, నల్లగుడ్డలు కట్టి, లోపల చీకటి. కడుపులో కంబు సంగటి. జనం గురకలు పెట్టారు. అయ్యసామి అలవాటు ప్రకారం అందరికంటే ముందే నిద్రపోయాడు.

అప్పుడు తెరమీద మబ్బుకోటలో ఉండే మంత్రగాడు శంఖం ఎత్తి ఊదాడు. ఆ శంఖం చప్పుడు ఘనంగా ఉండాలని పడం తీసినవాళ్ళు ఏదో మిల్లు సంగునే పట్టి అందులో పెట్టారని తర్వాత తెలిసింది. తర్వాత తెలిసి ఏం లాభం? కొటాయిలో నిద్రపోతున్న మిల్లు జనం చెవుల్లో సంగు మోగింది. ఇంకేముంది! బెంచీలు బోర్లాపడ్డాయి, చెప్పులు తారుమారయ్యాయి, నాలుగు తలుపులూ ఒక్కసారి తెరుచుకున్నాయి. ఆడవాళ్ళ వైపు నుంచి “అయ్యో, తూక్కు కట్టలేదే!” అని కేకలు. మగవాళ్ళు ఎర్రటి ఎండలో పడి మిల్లు గేటు దాకా ఒకటే పరుగు. గేటు దగ్గర వాచ్‌మన్ చెట్టుకింద సజ్జరొట్టె తింటున్నాడు. ఇంతమంది ఆయాసపడుతూ వచ్చి నిలబడితే నోరు వెళ్ళబెట్టి, “ఏంటికప్పా ఇప్పుడే వస్తిరి?” అన్నాడు. షిఫ్టుకు ఇంకా చాలా పొద్దుంది.

మోసపోయామని తెలిశాక ఎవరికైనా ఏమనిపిస్తుంది? తల కొట్టేసినట్టయింది. తిరిగి కొటాయికి వెళ్ళడానికి ఒక్కరికీ ముఖం చెల్లలేదు. వేపచెట్ల కింద కూలబడి, తమ తప్పును మోయడానికి ఒక గాడిద కావాలి గనక, దాన్ని పడం నెత్తిన పెట్టారు. “దరిద్రం పడం. ఎవరు చూస్తారు దాన్ని?” సాయంత్రానికి ఊరంతా ఒకటే మాట: మబ్బుకోట చూడలేక జనం మధ్యలో లేచి పరుగెత్తారట.

లేవనివాడు ఒక్కడే. బెంచీ ఊగేసరికి అయ్యసామికి మెలకువ వచ్చింది. చుట్టూ చూస్తే జనం బయటికి పోతున్నారు. పాట వచ్చినప్పుడు బీడీకి పోవడం మామూలే గదా, ఇదేదో పాట కాబోలు అనుకున్నాడు. కాళ్ళు చాపుకుని తెరవైపు చూశాడు. ఇక ఆ చూపు తిప్పలేదు.

కిందున్న లోకం చప్పుళ్ళ వల్ల మంత్రగాడికి నిద్రపట్టదు. అందుకని శంఖం ఊది, లోకంలో ఉన్న శబ్దాలన్నిటినీ దాంట్లోకి లాగేశాడు. అక్కడి నుంచి పడంలో చప్పుడు లేదు. అది అయ్యసామికి తెలియదు, ఆయనకు ఏ పడంలోనూ చప్పుడు లేదు. ఆయనకు తెలిసిందల్లా ఒకటే: ఇన్నాళ్ళూ తెరమీద ఊరికే నోళ్ళు కదిపిన మనుషులు ఇప్పుడు చేతులతో మాట్లాడుతున్నారు! మంత్రిగారి ఉపన్యాసం ఆగిపోయింది. సేనాపతి వేళ్ళు తిప్పుతూ ఏదో అడుగుతుంటే అయ్యసామికి ప్రతి మాటా తెలుస్తోంది. సైగలు మిల్లు సైగలు కావు, అయినా తెలుస్తోంది. జీవితంలో మొదటిసారి ఒక పడం తనతో మాట్లాడుతోందని ఒళ్ళు జలదరించింది.

అందులో ఒక కుమ్మరివాడి కొడుకు ఉంటాడు. వాడి మేక అరవడం మానేసింది. తన గొంతూ పోయింది. తనకొక్కడికే పోయిందనుకుని సిగ్గుపడి తలుపు మూసుకుంటాడు. పక్కింటివాడూ అంతే, ఎదురింటివాడూ అంతే. ఎవరికి వాళ్ళు తమకే పోయిందని దాక్కుంటారు. ఊరి పెద్దయితే తనకు అంతా వినపడుతున్నట్టు తల ఊపుతూ వీధిలో తిరుగుతాడు. ఒకరోజు కుమ్మరి పిల్లవాడి చేతిలోంచి కుండ జారి వీధి మధ్యలో పగిలితే, ఒక్కడూ తల తిప్పడు, పెద్దాయనతో సహా. పిల్లవాడికి అర్థమైపోతుంది. తలుపు తలుపూ కొట్టి, కాదు కాదు, తలుపు తలుపూ తోసుకుని వెళ్ళి, తన చెవి చూపిస్తాడు, నోరు చూపిస్తాడు, నవ్వుతాడు. ఊరంతా వీధిలోకి వస్తుంది. ఇళ్ళలో మంచాలన్నీ తెచ్చి ఒకదానికొకటి కట్టి మబ్బుల దాకా నిచ్చెన వేస్తారు.

పైన కోటకు ఒక రాక్షసుడు కాపలా. వాడు ఏడుస్తూ కూర్చుని ఉంటాడు. తన గురక తనకు వినపడక, తాను నిద్రపోయాడో లేదో తెలియడం లేదు పాపం. కుమ్మరి పిల్లవాడు వాడి చెయ్యి తీసుకెళ్ళి వాడి రొమ్ము మీదే పెడతాడు. గురక చేతికి తగులుతుంది. రాక్షసుడు హాయిగా నవ్వి నిద్రపోతాడు. అది చూసి అయ్యసామి ఖాళీ కొటాయిలో వెక్కి వెక్కి ఏడ్చాడు. పక్కన ఎవరూ ఏడవకుండా ఆయన సినిమాలో ఏడవడం అదే మొదలు.

మిల్లుకు వెళ్ళేసరికి హాల్లో అందరూ ముఖాలు మాడ్చుకుని ఉన్నారు. ఏమిటని అడగలేదు, ఒట్టు వేశాడు గదా. షిఫ్టు దిగి ఇంటికెళ్ళాక పొన్నమ్మాళ్ చెప్పింది. చెప్పి, “ఊరంతా పరుగెత్తె గదా, నువ్వు యాడుంటివి?” అంది. లోపలే ఉన్నానన్నాడు. ఆవిడ నెత్తి కొట్టుకుంది. “ఎవరైనా అడిగితే గడ్డం గీయించేదానికి పోయుంటినని చెప్పు. పడం చూస్తినని మాత్రం వాయి తెరవద్దు. సంగు మోగినా లేవలేదంటే చెవులు లేవని మనమే దండోరా వేసినట్టు.”

సరే అన్నాడు. సోమవారమంతా బిగబట్టుకున్నాడు. కానీ ఎక్కడ చూసినా ఆ పడాన్ని తిట్టేవాళ్ళే. దొరసామి విసిగిపోయి గురువారంతో ఎత్తేస్తానన్నాడు.  తనవాళ్ళనెవరినో నలుగురూ ఆడిపోసుకుంటుంటే నోరుమూసుకుని నిలబడ్డట్టు ఉంది అయ్యసామికి. మంగళవారం, పక్క సైడు, అంటే ఫ్రేములో పక్క వరస, నడిపే గోవిందరాజన్ ఫ్రేము మీదుగా చేతులతో, “ఆ పడం తీసినవాణ్ణి కార్డింగులో వేసి తిప్పాల” అని సైగ చేసి ఇకిలించాడు.

ఇక ఆగలేకపోయాడు. రాక్షసుడి గురక సంగతి చెప్పాడు. తెగిన దారం ఒక చేత్తో అతుకుతూ, ఇంకో చేతిని రొమ్ము మీద పెట్టి, బుగ్గలు పొంగించి చూపించాడు. గోవిందరాజన్ పగలబడి నవ్వాడు. పక్కవాడు ఏమిటన్నాడు. మళ్ళీ చెప్పాడు. పగిలిన కుండ చెప్పాడు, తల ఊపే ఊరి పెద్దను చెప్పాడు, మంచాల నిచ్చెన ఎక్కి చూపించాడు. సందు పొడవునా మెడలు చాపి చూసేవాళ్ళే. “తర్వాత?” “తర్వాత?” అని వేళ్ళు. కోట గుమ్మం దాకా తెచ్చి ఆపేశాడు. “పోయి చూడండి,” అన్నాడు, పెద్దమనిషిలాగా.

అప్పుడు వెనక భుజం మీద చెయ్యి పడింది. సుబ్రమణియం మేస్త్రి. ఎంతసేపటి నుంచి చూస్తున్నాడో!

“కథంతా నీకెట్ల తెలిసె?” పెదాలు కదిలాయి. “సంగు మోగినప్పుడు లేస్తివా, లేదా?”

కొటాయి ఆపరేటరు చెప్పాడంటే అయిపోయేది. ఆ అబద్ధం నాలుక చివర దాకా వచ్చింది కూడా. కానీ అలా అంటే తాను ఆ పడం చూడనట్టే గదా. ఖాళీ కొటాయిలో కూర్చుని తాను పడిన సంతోషం తనది కానట్టే గదా. అది మాత్రం అయ్యసామి వల్ల కాలేదు.

“చూస్తిని బావా. కడదాకా చూస్తిని. సంగు నాకు వినపళ్ళే.”

మేస్త్రి ముఖం నల్లబడింది. “ఇన్నాళ్ళు చెవిటివానికి సైడు ఇచ్చి నడిపిస్తుంటినా?” అని, గిరుక్కున తిరిగి వెళ్ళిపోయాడు. ఇంటికెళ్ళి ఆ మాట చెబితే పొన్నమ్మాళ్ అరవలేదు. దానికే ఆయనకు ఎక్కువ భయం వేసింది. తలుపు మూసి, గోడకు ఆనుకుని, “ఒక పడం కోసరం!” అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

గురువారం మధ్యాహ్నం, తమ షిఫ్టుకు ముందు వేసిన చివరి ఆటకు రింగు ఫ్రేముల వాళ్ళంతా పెళ్ళాలతో సహా దిగారు. కంపౌండరు యేసుదాస్ కూడా వచ్చాడు, డిస్పెన్సరీ మూసుకుని. దొరసామి టిక్కెట్లు చింపుతూ తన కళ్ళను తాను నమ్మలేకపోయాడు. అయ్యసామి బెంచీ మీద కూర్చున్నాక పక్కన ఎవరో కూలబడ్డారు. చూస్తే బావ. ముఖం గంటు పెట్టుకునే ఉన్నాడు. 

శంఖం ఊదగానే అలవాటున కొందరు సగం లేచి, నాలుక కరుచుకుని కూర్చున్నారు. కొటాయి నవ్వుతో హోరెత్తింది. ఆ తర్వాత నవ్వులు తప్ప చప్పుడు లేదు. తెరమీద చేతులు ఆడుతుంటే కింద మిల్లు జనం చేతులూ ఆడాయి. వేరే ఊళ్ళలో ఈ చోటనే జనం మిషను చెడిపోయిందని ఆపరేటరును బూతులు తిట్టారట. పీళమేడులో ఎవరూ తిట్టలేదు. ఇది తమ భాష గదా. అయ్యసామి తెరను తక్కువ చూశాడు, జనం ముఖాలను ఎక్కువ చూశాడు. తాను వండిన వంట నలుగురూ లొట్టలు వేసుకుంటూ తింటున్నట్టు పొంగిపోయాడు.

చివరికి కుమ్మరి పిల్లవాడు శంఖాన్ని రాతికేసి కొట్టాడు. అది పగలగానే తెరమీద మనుషులంతా చెవుల మీద చేతులు పెట్టుకుని నవ్వారు. మొదటిసారి చూసినప్పుడే అయ్యసామికి ఇక్కడొక సందేహం మిగిలింది, తిరిగొచ్చిన మొదటి చప్పుడు ఏదని. భయం మరిచిపోయి పక్కకు తిరిగాడు.

“బావా, మొదట ఏ సత్తం వచ్చె?”

 మేస్త్రి ముఖం ఇటు తిప్పి, పెదాలు మాత్రం కదిపాడు. “నాకు యాడ తెలుసు?”

అయ్యసామికి అర్థం కాలేదు. మేస్త్రి మళ్ళీ కదిపాడు. “ఆ దినం సంగు నేను మాత్రం వింటినా? పక్కనోళ్ళు లేచిరి, నేనూ లేస్తిని. నీకు భయం లేక పడం దక్కె. నాకు భయముండి అదీ పాయె.”

 జనం లేచి పోతున్నారు. బయట గుమ్మం దగ్గర పొన్నమ్మాళ్ కనపడగానే అయ్యసామి అదే ప్రశ్న ఆవిడను అడిగాడు. ఆవిడ అన్న ముఖం చూసింది, మొగుడి ముఖం చూసింది. “కోడిపిల్ల,” అంది ఇద్దరికీ కనపడేలా పెదాలు విప్పి. “కియ్యి కియ్యి అనె.” ఆ మొండి మేస్త్రి గుడ్ల నిండా నీళ్ళు పెట్టుకుని నవ్వడం ఆవిడ అప్పుడే చూసింది.

శుక్రవారం షిఫ్టుకు ముందు డిస్పెన్సరీ వాకిట్లో పరీక్ష. మేనేజరు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఒక్కొక్కరూ వచ్చి నిలబడాలి, వీపు వెనక యేసుదాస్ గంట కొడతాడు, వినపడితే చెయ్యి ఎత్తాలి. మేస్త్రి ఊరికే ఉండలేదు, రాత్రికి రాత్రే ఉపాయం కట్టాడు. ఎదురుగా వంతుకోసం కూర్చున్నవాళ్ళలో గోవిందరాజన్ ఉంటాడు, గంట మోగగానే గడ్డం గోక్కుంటాడు. ముందు మేస్త్రి నిలబడ్డాడు. గడ్డం గోకుడు పడింది, చెయ్యి లేచింది. “సరి, ఆ పక్కకు పో,” అన్నాడు మేనేజరు.

రెండో వంతు అయ్యసామిది. మిల్లు గేటు బయట పొన్నమ్మాళ్ కమ్మీలు పట్టుకుని నిలబడి ఉంది. వెనక గంట మోగింది. గోవిందరాజన్ గడ్డం గోక్కున్నాడు. అయ్యసామి చూశాడు. చెయ్యి లేవబోయింది కూడా.

కానీ కళ్ళముందు ఎవరు మెదిలారో చెప్పనా? వినపడకపోయినా వినపడినట్టు తల ఊపుకుంటూ వీధిలో తిరిగిన ఆ ఊరి పెద్ద. దాని వెనకే మోచేయి దాకా పోయిన కార్డింగు మనిషి. ఆయన కూడా ఇలాగే తల ఊపి ఉంటాడు. ఈరోజు తను చెయ్యి ఎత్తితే, రేపు ఇంకో చెయ్యి పోతుంది. అది తనదే కావచ్చు. గోవిందరాజన్ గడ్డం ఊడొచ్చేలా గోకుతున్నాడు. అయ్యసామి చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు.

“వినపళ్ళేదు సార్,” అన్నాడు. తన గొంతు తనకు తెలియదు గనక అది గేటు అవతలికి కూడా వినపడింది.

మేనేజరు వేలు గోడవైపు చూపించింది, ఇంటికి పోయేవాళ్ళు నిలబడే వైపు. అయ్యసామి వెళ్ళి నిలబడ్డాడు. పొన్నమ్మాళ్ వైపు చూసే ధైర్యం లేదు.  ఏం చేశాను దేవుడా, పెళ్ళాం పొయ్యిలో నీళ్ళు పోశానా అనుకున్నాడు.

ఎవరో వచ్చి పక్కన నిలబడ్డారు. తల తిప్పితే బావ.

“నాకూ వినపళ్ళేదు సార్,” అంటున్నాడు మేస్త్రి, మీసం అదురుతుంటే. “చెయ్యి ఎత్తింది అబద్ధం.”

మేనేజరు ఏదో అనేలోపల గోవిందరాజన్ లేచాడు. “నాకూ లేదు సార్.”

“నువ్వింకా పరీక్షకే రాలేదే! గంట మోగినప్పుడల్లా గడ్డం గోకింది నువ్వే గదా?”

“యేసుదాసన్న చెయ్యి ఊగేది కనపడె సార్.”

వాకిట్లో ఒకడు నవ్వాడు. నవ్వి, లేచి, గోడవైపు నడిచాడు. వాడి వెనక ఇంకొకడు. నిన్న కొటాయిలో అందరూ చూసిందే గదా. పడంలో ఊరివాళ్ళు తలుపులు తీసుకుని వీధిలోకి వచ్చినట్టే ఒక్కొక్కరే లేచి వచ్చారు. వచ్చినవాడల్లా పక్కవాడికి తన చెవి చూపించి నవ్వుతున్నాడు. అవతలి వైపు నిలబడింది నిరుడు చేరిన కొత్తవాళ్ళు, చెయ్యి వేళ్ళకు సరిపోరు. ఆ గోడ వారన నిలబడి అయ్యసామి కళ్ళు తుడుచుకోవడం కూడా మానేశాడు.

మేనేజరు ఆ గోడవైపు చూశాడు, ఈవైపు ఉన్న నలుగురినీ చూశాడు, మిల్లువైపు చూశాడు. గోడవైపు వాళ్ళను ఇంటికి పంపితే రింగు ఫ్రేముల్లో ఒక్క కదురు తిరగదు.  చివరికి, రేపటి నుంచి మిషను నడిపే ముందు గంట ఒక్కటే చాలదు, సందు చివర మేస్త్రి నిలబడి ఎర్రగుడ్డ ఎత్తాలి, అందరూ చేతులు పైకెత్తి చూపించాకే నడపాలి, ఇప్పుడు పనికి పొండి అన్నాడు. అన్నది వినపడకపోయినా అందరికీ తెలిసింది. అయ్యసామి గేటువైపు తిరిగి, రెండు చేతులూ ఎత్తి చూపించాడు. పొన్నమ్మాళ్ కమ్మీలకు తల ఆనించి నిలబడిపోయింది.

జనం చేతులు ఊపుకుంటూ, ఒకరి రొమ్ము మీద ఒకరు చెయ్యి వేసి బుగ్గలు పొంగిస్తూ హాలువైపు పోతున్నారు. మేనేజరుకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

“ఏంటికి నవ్వుతారు వీళ్ళు?” అని యేసుదాస్‌ను అడిగాడు.

యేసుదాస్ గంట బల్లమీద పెట్టాడు. “ఒక పడం సార్,” అన్నాడు నవ్వు ఆపుకుంటూ. “మంచి పడం. మీరు చూసేదానికి లేదు, నిన్నటితో ఎత్తేసిరి.”